మత్తు: పాపమూ, వ్యాధీ – మన బాధ్యత

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలు, సకల ప్రశంసలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే మనిషిని మట్టితో సృజించి, మంచిచెడులను వేరుచేసి చూసేందుకు బుద్ధిని అనుగ్రహించాడు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శుభాలు, శాంతి వర్షించుగాక!

అమ్మా బాద్! ధర్మసోదరులారా! పరదా వెనుక నుండి ఈ ప్రసంగాన్ని ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించమని మొదట మాకూ, తరువాత మీకూ హితబోధ చేస్తున్నాము.

నేడు మన సమాజంలో ఒక ప్రశ్న తరచుగా చర్చకు వస్తున్నది. గంజాయికో, మత్తు మాత్రలకో, మద్యానికో బానిసైన వ్యక్తిని నేరస్థునిగా చూడాలా, రోగిగా చూడాలా? కొందరు పెద్దలు, జైలులో నాలుగు రోజులు ఉంటేనే వాడికి బుద్ధి వస్తుందని అంటారు. మరికొందరు, అది కేవలం జబ్బు, అందులో వాడి తప్పేమీ లేదని అంటారు. మొదటి మాటలో కారుణ్యం కరువైంది. రెండవ మాటలో బాధ్యత మాయమైంది. మన ధర్మం ఈ విషయంలో ఏమి నేర్పుతున్నదో, మన దేశ చట్టం ఏమి చెబుతున్నదో, ఈ రెండింటి వెలుగులో మన వాడలో మనం ఏమి చేయాలో ఈ రోజు వివరించదలచాము.

మత్తు గురించిన ధర్మాజ్ఞ

మొదట హరామ్ విషయంలో ఏ సందేహమూ మిగలకూడదు. ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో అల్లాహ్ మద్యాన్ని, జూదాన్ని అపరిశుభ్రమైన షైతాను చేష్టలుగా పేర్కొని, వాటికి దూరంగా ఉండమని విశ్వాసులను ఆదేశించాడు. వాటి ద్వారా షైతాను మనుషుల మధ్య విరోధాన్ని, ద్వేషాన్ని రేపుతాడనీ, దైవస్మరణ నుండి, నమాజు నుండి వారిని ఆపుతాడనీ కారణం కూడా తెలిపాడు.

కొందరు యువకులు, ఖుర్ఆన్‌లో గంజాయి పేరు లేదు కదా అని వాదిస్తారు. దైవప్రవక్త (స) మత్తు కలిగించే ప్రతి పదార్థమూ ఖమ్ర్ కిందకే వస్తుందనీ, మత్తు కలిగించేది ఏదైనా నిషిద్ధమేననీ సెలవిచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఎక్కువ మోతాదులో మత్తు కలిగించే వస్తువు కొద్ది మోతాదులో కూడా హరామేనని మరొక హదీసు స్పష్టం చేస్తున్నది. కనుక అది సీసాలో ఉన్నా, సిగరెట్టులో చుట్టినా, మాత్రగా మింగినా, సూదితో ఎక్కించుకున్నా, గుడ్డకు వైట్నర్ పూసి పీల్చినా ఆజ్ఞ ఒక్కటే.

ఇంకొందరు, రోజంతా బరువులు మోస్తాము, రాత్రంతా ఆటో నడుపుతాము, అలసట తీరడానికి తీసుకుంటాము, ఇది సరదా కాదు అంటారు. ఈ మాట కొత్తది కాదు. దైలమ్ హిమ్యరీ (రజి) అనే సహాబీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తమది చలి ప్రదేశమనీ, కఠినమైన శ్రమ చేస్తామనీ, అందుకు బలం కోసం గోధుమలతో ఒక పానీయం చేసుకుంటామనీ విన్నవించారు. అది మత్తు కలిగిస్తుందా అని ప్రవక్త (స) అడిగారు. కలిగిస్తుందని ఆయన చెప్పగానే, దానికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించారు. ఈ ఉదంతం అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. శ్రమను ప్రవక్త (స) గౌరవించారు. అయినా దానిని మత్తుకు సాకుగా అంగీకరించలేదు.

షరీఅత్ లక్ష్యాలను వివరించిన ఉలమాలు ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతతి, సంపద అనే అయిదింటి రక్షణను మూలస్తంభాలుగా పేర్కొన్నారు. మత్తు ఈ అయిదింటినీ ఒక్కసారిగా కూలదోస్తుంది. నమాజు పోతుంది, ఆరోగ్యం పోతుంది, వివేకం పోతుంది, బిడ్డల బాల్యం పోతుంది, చివరకు ఇల్లాలి చెవి కమ్మలు కూడా తాకట్టుకు పోతాయి. దీనిని పాపం కాదని చెప్పే అధికారం ఏ ఆలిముకూ లేదు.

ప్రవక్త వ్యాధి అన్నారు

సోదరులారా! పాపమన్నంత మాత్రాన మాట పూర్తి కాలేదు. తారిఖ్ బిన్ సువైద్ (రజి) అనే సహాబీ మద్యం గురించి అడిగినప్పుడు ప్రవక్త (స) వారించారు. ఔషధం కొరకు తయారు చేస్తున్నానని ఆయన అనగా, అది ఔషధం కానే కాదనీ, అది స్వయంగా వ్యాధి అనీ ప్రవక్త (స) వివరించారు. ఈ హదీసు కూడా సహీహ్ ముస్లింలోనే ఉన్నది. అంటే పద్నాలుగు శతాబ్దాలకు పూర్వమే మన ప్రవక్త (స) నోట మత్తుకు రెండు పేర్లు వెలువడ్డాయి. ఒకటి హరామ్, రెండవది వ్యాధి. వ్యాధి విషయంలో ఆయన ఆదేశం మనకు తెలుసు. చికిత్స చేయించుకోమన్నారు. అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి తగిన నివారణ లేకుండా దించలేదని తెలిపారు.

నేటి వైద్యులు చెప్పేది కూడా ఇదే దిశలో ఉన్నది. మొదటిసారి తీసుకున్నప్పుడు మనిషి తన ఇష్టంతో తీసుకుంటాడు. ఆ ఇష్టానికి అతడు అల్లాహ్ ముందు బాధ్యుడు. కాని కొంతకాలం గడిచాక మెదడు పనితీరే మారిపోతుంది. సంతోషం కోసం మొదలుపెట్టినవాడు, అది లేకపోతే కలిగే బాధ తట్టుకోలేక తీసుకుంటాడు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, చెమటలు పడతాయి, ఒళ్ళంతా నొప్పులు పుడతాయి. మానాలని రాత్రి ప్రమాణం చేసినవాడు తెల్లవారేసరికి ఓడిపోతాడు. మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం, మాదక ద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో భాగంగానే నిర్వచించింది.

శిక్ష ఉన్నది కదా అనేవారికి

మద్యం తాగినవానికి ఇస్లాంలో శిక్ష ఉన్నది కదా, మరి రోగి అని జాలి చూపడం ఎలా అని ఒక సందేహం కలగవచ్చు. ఆ శిక్ష ఉన్న మాట నిజం. దానిని దాచవలసిన అవసరం లేదు. అయితే ఆ శిక్షను విధించే అధికారం న్యాయస్థానానికే తప్ప వీధికి గాని, మసీదు కమిటీకి గాని, కోపించిన అన్నదమ్ములకు గాని ధర్మం ఇవ్వలేదు. అంతేకాక, శిక్ష అమలైన చోట ప్రవక్త (స) వైఖరి ఎలా ఉండేదో కూడా చూడాలి.

సహీహ్ బుఖారీలో ఒక సహాబీ ప్రస్తావన ఉన్నది. ఆయన పేరు అబ్దుల్లాహ్. తన మాటలతో ప్రవక్త (స)ను నవ్వించేవారు. ఆయనకు మద్యం అలవాటు ఉండేది. ఆ కారణంగా శిక్ష కూడా పొందారు. ఒకనాడు మళ్ళీ పట్టుబడి వచ్చినప్పుడు, ఎన్నిసార్లు ఇలా తీసుకురాబడతాడు అంటూ ఒక వ్యక్తి ఆయనను శపించాడు. ప్రవక్త (స) వెంటనే వారించారు. అతడిని శపించవద్దనీ, అతడు అల్లాహ్‌నూ, అల్లాహ్ ప్రవక్తనూ ప్రేమిస్తున్నాడని తమకు తెలుసుననీ అన్నారు. ఇలాంటిదే మరొక సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సహాయకులు కావద్దని హెచ్చరించారు.

ఈ సంఘటనను శ్రద్ధగా ఆలోచించండి. పదేపదే తప్పుచేసిన వ్యక్తి, పదేపదే శిక్ష పొందిన వ్యక్తి. అయినా అతడు సమాజం నుండి బహిష్కరింపబడలేదు. అతని హృదయంలో మిగిలి ఉన్న ప్రేమకు స్వయంగా ప్రవక్త (స) సాక్ష్యమిచ్చారు. నేడు మన సఫ్‌లలో అలాంటి యువకుడు వచ్చి నిలబడితే ఇరువైపుల వారు ముఖం చిట్లించి పక్కకు జరుగుతున్నారు. తాగుబోతు వచ్చాడని గుసగుసలాడుతున్నారు. మత్తులో ఉన్నవాడు ఆ స్థితిలో నమాజుకు రాకూడదన్నది సరే. మత్తు దిగి, వుజూ చేసుకుని, సిగ్గుతో తలవంచుకుని వచ్చినవాడిని కూడా తరిమితే అతడు ఎక్కడకు పోతాడు? గంజాయి పొట్లం అందించే మిత్రుని వద్దకే పోతాడు. ఆ మిత్రుడు మాత్రం అతడిని ఎన్నడూ ముఖం చిట్లించి పంపడు.

హజ్రత్ ఉమర్ వ్రాసిన లేఖ

ఇబ్నె కసీర్ తమ తఫ్సీర్‌లో ఒక ఉదంతాన్ని పేర్కొన్నారు. సిరియా దేశస్థుడైన ఒక వీరుడు అప్పుడప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వస్తుండేవాడు. కొంతకాలం అతడు కనిపించకపోయేసరికి ఉమర్ (రజి) అతని గురించి వాకబు చేశారు. అతడు తాగుడులో పడిపోయాడని చెప్పారు. ఆయన అప్పుడు ఖలీఫా. అధికారం ఆయన చేతిలో ఉన్నది, శిక్ష విధించగలరు. కాని ఆయన వ్రాయసగానిని పిలిపించి ఆ వ్యక్తికి ఒక లేఖ వ్రాయించారు. అందులో గాఫిర్ సూరా ప్రారంభ ఆయతులను ఉటంకించారు. ఆ ఆయతులలో అల్లాహ్ పాపాలను క్షమించేవాడనీ, పశ్చాత్తాపాన్ని స్వీకరించేవాడనీ, కఠినంగా శిక్షించేవాడనీ ఉన్నది. తరువాత ఉమర్ (రజి) తమ వద్ద ఉన్న వారితో, మీ సోదరుని మనసు మరలాలని దుఆ చేయండి అని కోరారు.

లేఖ అందుకున్న ఆ వ్యక్తి దానిని మళ్ళీ మళ్ళీ చదివాడు. నా ప్రభువు నన్ను శిక్ష గురించి హెచ్చరించాడు, క్షమాపణ వాగ్దానం కూడా చేశాడు అనుకుంటూ ఏడ్చాడు. తాగుడు మానివేశాడు. ఆ వార్త తెలిసినప్పుడు ఉమర్ (రజి), మీ సోదరుడు కాలుజారినప్పుడు మీరు కూడా ఇలాగే చేయండి, అతడిని నిలబెట్టండి, అతని కొరకు దుఆ చేయండి, అతనికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడకండి అని తమ వారికి ఉపదేశించారు.

ఈ ఉదంతంలో మూడు పాఠాలు ఉన్నాయి. మొదటిది, మనిషి కనిపించకపోతే అతని గురించి అడగడం. రెండవది, హరామ్‌ను హరామ్ అని స్పష్టంగా చెప్పడం. ఉమర్ (రజి) తన లేఖలో శిక్ష మాటను తొలగించలేదు. మూడవది, తిరిగి వచ్చేందుకు తలుపు తెరిచి ఉంచడం. క్షమాపణ, శిక్ష రెండూ ఒకే ఆయతులో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిని తీసివేసి రెండవదానినే బోధించేవాడు ఆ లేఖను సగమే చదివినవాడవుతాడు.

అమ్మేవాడు వేరు, చిక్కుకున్నవాడు వేరు

ధర్మసోదరులారా! మద్యానికి సంబంధించి ప్రవక్త (స) పది మందిని శపించారన్న హదీసు ఉన్నది. అందులో దానిని తయారు చేసేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు కూడా ఉన్నారు. తాగేవాడు కూడా అందులో ఉన్నాడు. అయితే పేరుపెట్టి ఒక వ్యక్తిని శపించబోయినప్పుడు ప్రవక్త (స) ఆపారు. కార్యాన్ని అసహ్యించుకోవడం, అందులో చిక్కుకున్న మనిషిని దూరం చేసుకోకుండా ఉండడం అనే ఈ రెండింటినీ కలిపి నేర్చుకోవాలి. తాగేవాడు ముందుగా తనకూ, తన ఇంటివారికీ హాని చేస్తాడు. అమ్మేవాడు ఇతరుల బిడ్డలను నాశనం చేసి తన ఇల్లు కట్టుకుంటాడు.

మన దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. మాదక ద్రవ్యాలకు సంబంధించి 1985లో వచ్చిన చట్టాన్ని ఎన్‌.డి.పి.ఎస్‌. చట్టం అంటారు. దాని ప్రకారం గంజాయి 20 కిలోలు దాటి పట్టుబడితే పది సంవత్సరాలకు తగ్గని, ఇరవై సంవత్సరాల వరకు పొడిగించదగిన కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. అలాంటి కేసులో బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. ఒక కిలోలోపు ఉంటే దానిని స్వల్ప పరిమాణంగా లెక్కించి, ఏడాది వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

అదే చట్టంలో మన వాడలో చాలామందికి తెలియని మరొక నిబంధన ఉన్నది. అది 64ఏ సెక్షన్. వ్యసనానికి బానిసైన వ్యక్తి, తాగిన నేరానికో, స్వల్ప పరిమాణం కలిగి ఉన్న నేరానికో కేసు ఎదుర్కొంటున్నప్పుడు, స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకు సిద్ధపడి, ఆ చికిత్స పొందితే, అతనికి ఆ కేసులో విచారణ నుండి రక్షణ లభిస్తుంది. మధ్యలో చికిత్స మానివేస్తే ఆ రక్షణను తొలగించవచ్చు. దోషిగా తేలిన తరువాత కూడా, అతని అంగీకారంతో, చికిత్స కొరకు విడుదల చేసే అధికారం 39వ సెక్షన్ కింద న్యాయస్థానానికి ఉన్నది. అంటే చట్టం ఒక చేత్తో బేడీలు పట్టుకుని, మరొక చేత్తో ఆసుపత్రి దారి చూపుతున్నది. ఆ దారి గురించి తెలియక, పరువు పోతుందన్న భయంతో, మనం బిడ్డలను బేడీల వరకు నడిపించుకుంటున్నాము. ఎవరింట్లోనైనా ఇలాంటి కేసు ఉంటే వెంటనే న్యాయవాదిని కలిసి ఈ రెండు సెక్షన్ల గురించి అడగండి.

అమ్మేవారి విషయంలో మాత్రం మెతకదనం వద్దు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల నుండి వచ్చే గంజాయి మన పట్టణాల గుండా ఎంత పెద్ద ఎత్తున ప్రవహిస్తున్నదో మీకు తెలుసు. 2022 ఫిబ్రవరిలో ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో పోలీసులు ఒకేసారి సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. కొన్ని వేల రూపాయల ఆశ చూపి, ఈ సంచి ఫలానా ఊరిలో ఇచ్చి రమ్మని మన పిల్లలనే వాహకులుగా వాడుకుంటున్నారు. సంచి ఇచ్చినవాడు ఇంట్లో పడుకుంటాడు, మోసినవాడు పదేళ్ళు జైలులో ఉంటాడు. అమ్మేవాడికి ఇల్లు అద్దెకివ్వడం, అతని పెళ్ళివిందులో ముందు వరుసలో కూర్చోవడం, అతడు ఇచ్చే చందాతో మసీదుకు ఫ్యాన్లు బిగించుకోవడం మన ధర్మానికి తగవు. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దానినే స్వీకరిస్తాడు. పాఠశాల గేటు వద్ద అమ్మకం జరుగుతున్నదని తెలిసి మౌనంగా ఉండేవాడు రేపు తన మనుమడు ఆ గేటు దాటవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. అలాంటి సమాచారం పోలీసులకు అందించడం చాడీ కాదు, చెడును అడ్డుకోవడం.

ఇండ్లలో జరుగుతున్న పొరపాట్లు

అస్ర్ తరువాత మా వద్దకు తల్లులు వస్తుంటారు. కొంగుతో ముఖం కప్పుకుని, హజ్రత్, దమ్ చేసిన నీళ్ళు ఇవ్వండి, ఒక తావీజు ఇవ్వండి, మా అబ్బాయికి ఎవరో ఏదో చేశారు అంటారు. మేము దుఆ తప్పక చేస్తాము. ఖుర్ఆన్‌లో స్వస్థత ఉన్నది. కాని ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనము. దుఆతో పాటు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం ఆ ఒంటెను కట్టడమే.

మరి కొందరు తండ్రులు, పెళ్ళి చేస్తే వాడే దారికి వస్తాడు అంటారు. ఈ మాట ఎంతమంది ఆడబిడ్డల జీవితాలను బుగ్గి చేసిందో లెక్కలేదు. పెళ్ళి చికిత్స కాదు. మరొకరి కన్నబిడ్డ మీ కుమారుని మందు కాదు. నికాహ్ సందర్భంలో అబ్బాయి వ్యసనాన్ని దాచిపెట్టడం మోసం. మోసగించేవాడు మాలోనివాడు కాడని ప్రవక్త (స) హెచ్చరించారు. అతడు పూర్తిగా కోలుకుని, కొంతకాలం నిలకడగా ఉండి, అమ్మాయి తరఫు వారికి నిజం చెప్పి, వారు అంగీకరించిన తరువాతే అలాంటి ఆలోచన చేయాలి.

ఇంకొన్ని ఇండ్లలో కొడుకును గదిలో వేసి తాళం పెడతారు. ఇక్కడ ప్రాణాపాయం ఉన్నదని తెలుసుకోండి. ఎక్కువకాలం మద్యానికి గాని, అల్ప్రాజోలం, డయజిపాం వంటి మాత్రలకు గాని అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానివేస్తే మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు. కొన్నిసార్లు ప్రాణమే పోవచ్చు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, అందులో కలిపిన మత్తుమందులకు అలవాటుపడినవారు అనేకులు వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. సరఫరాను ఆపడం అవసరమే. దానికి ముందే వైద్యుని సిద్ధం చేసుకోవడం కూడా అంతే అవసరం. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుల విషయంలో మరొక ప్రమాదం ఉన్నది. కొన్నాళ్ళు మానిన తరువాత శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు పాత మోతాదే మళ్ళీ తీసుకుంటే అది ప్రాణం తీయవచ్చు. జైలు నుండి, చికిత్సాలయం నుండి తిరిగి వచ్చిన తొలి వారాలలో అందుకే ఎక్కువ జాగ్రత్త వహించాలి.

మత్తును మాన్పించేందుకు వైద్యులు కొన్నిసార్లు మందు మోతాదును క్రమంగా తగ్గిస్తూ వస్తారు. నల్లమందు జాతి మత్తులకు బుప్రెనార్ఫిన్ వంటి ఔషధం ఇస్తారు. ఇది హరామ్ కదా అని కొందరు మధ్యలో ఆపివేస్తున్నారు. గత్యంతరం లేని స్థితిలో, హద్దు మీరకుండా, అవసరమైనంత మేరకు నిషిద్ధ వస్తువును తీసుకున్నవానిపై పాపం లేదని అల్ బఖరా సూరా 173వ ఆయతు తెలుపుతున్నది. నిపుణుడైన వైద్యుడు, చికిత్స కొరకు, నిర్ణీత మోతాదులో ఇచ్చే మందు ఆ సూత్రం కిందకు వస్తుంది. వైద్యుని అడగకుండా ఆపవద్దు, సొంతంగా పెంచుకోవద్దు.

గొలుసుల గురించి కూడా ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన నడిచిన ఒక ప్రైవేటు కేంద్రంలో అగ్ని ప్రమాదం జరిగింది. స్వస్థత కొరకు తీసుకువచ్చి గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు, పారిపోలేక, ప్రాణాలు కోల్పోయారు. వారిని అక్కడకు చేర్చినది వారి ఇంటివారే. 2017 చట్టం మానసిక రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టరాదని నిషేధించింది. కనుక మత్తు మాన్పిస్తామని చెప్పి కొట్టే చోటుకు, కట్టివేసే చోటుకు, ఇంటివారిని చూడనివ్వని చోటుకు, డబ్బు కట్టి మీ బిడ్డను అప్పగించకండి.

ఇంతవరకు చెప్పిన దానికై, మా కొరకూ, మీ కొరకూ, సమస్త ముస్లిముల కొరకూ అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిస్సందేహంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై దరూదు, సలాములు.

సోదరులారా! తొంభై తొమ్మిది మందిని హతమార్చిన ఒక వ్యక్తి ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. తనకు తౌబా ఉన్నదా అని అతడు ఒక సన్యాసిని అడిగాడు. లేదని అతడు చెప్పగా, ఆ సన్యాసిని కూడా చంపి నూరు పూర్తి చేశాడు. తరువాత ఒక ఆలిమును అడిగాడు. ఆ ఆలిము, నీకూ తౌబాకూ మధ్య ఎవరు అడ్డుపడగలరని అంటూ, ఉన్న ఊరు విడిచి, సజ్జనులు నివసించే ఫలానా ఊరికి వెళ్ళమని ఆదేశించాడు. అతడు దారిలోనే మరణించినా, అల్లాహ్ అతడిని క్షమించాడు.

ఇందులో ఆశ లేదని చెప్పిన సన్యాసి నూరవ హత్యకు గురయ్యాడు. ఆశ చూపిన ఆలిము, తౌబాతో పాటు కొత్త పరిసరాలను కూడా సూచించాడు. చికిత్స ముగించుకుని వచ్చిన యువకుడు మళ్ళీ అదే సందుకు, అదే మిత్రులకు, అదే ఖాళీ సాయంత్రాలకు తిరిగి వస్తే మళ్ళీ పడిపోయే ప్రమాదం ఎక్కువ. సజ్జనుల ఊరు అతనికి ఎక్కడ ఉన్నది? ఈ మసీదే ఆ ఊరు కావాలి.

కాబట్టి కొన్ని విషయాలు కోరుతున్నాము. మొదటిది, బిడ్డలో మార్పు కనిపించిన మొదటి నెలలోనే మాట్లాడండి. నిద్ర వేళలు తారుమారు కావడం, చదువు పడిపోవడం, ఇంట్లో డబ్బు మాయం కావడం, పాత మిత్రులను వదిలి కొత్తవారితో రహస్యంగా తిరగడం వంటి సూచనలను తేలికగా తీసుకోకండి. అయితే గూఢచర్యం చేయకండి. అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు దానిని నిషేధించింది. తండ్రి ఎదురుగా కూర్చుని ప్రేమతో అడిగే ప్రశ్న, దొంగచాటుగా జేబులు వెతకడం కంటే ఎక్కువ నిజాన్ని బయటకు తెస్తుంది.

రెండవది, సాయం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోండి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ చికిత్సకు తెలిసిన చోట్లు. 14446 అనే జాతీయ సహాయ నంబరుకు ఫోను చేస్తే సలహా లభిస్తుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నది. మిగిలిన 37 మందిని ఆపుతున్న కారణాలలో ఖర్చు ఉన్నది, తెలియకపోవడం ఉన్నది, సిగ్గు కూడా ఉన్నది. ఖర్చు విషయంలో, జకాత్‌కు అర్హులైన నిరుపేదలకు ఆ సొమ్ము అందించి చికిత్స చేయించుకొనే వీలు కల్పించవచ్చు. తెలియకపోవడం ఈ రోజుతో కొంత తీరింది. సిగ్గును తీసివేయడం మాత్రం మన నాలుకల చేతిలో ఉన్నది.

మూడవది, కోలుకుంటున్న యువకునికి పని చూపండి. మన సఫ్‌లో దుకాణాల యజమానులు, వర్క్‌షాపుల యజమానులు, మేస్త్రీలు ఉన్నారు. డబ్బు పెట్టె వద్ద కూర్చోబెట్టమని మేము అనడం లేదు. ఉదయం లేవడానికి ఒక కారణం కల్పించమని అడుగుతున్నాము. అతడు మళ్ళీ ఒకసారి జారితే, అంతా వృథా అని చేతులు దులుపుకోకండి. చక్కెర వ్యాధి ఉన్నవానికి ఒకనాడు చక్కెర పెరిగితే వైద్యం మానివేయము కదా.

నాలుగవది, అతని భార్యను, పిల్లలను మరువకండి. అతని సహనశీలి అయిన ఇల్లాలికి ఇంకా సహించమని మాత్రమే చెప్పి పంపడం న్యాయం కాదు. అతడు కొడుతుంటే ఆమెకు, పిల్లలకు రక్షణ కల్పించడం మన బాధ్యత. అన్యాయం చేసే సోదరునికి కూడా సాయం చేయమని ప్రవక్త (స) బోధించారు. ఆ సాయం ఎలాగని అడిగితే, అన్యాయం చేయకుండా అతని చేయి పట్టుకోవడమే అని వివరించారు. రోగి అన్న మాట, కొట్టడానికి అనుమతి పత్రం కాదు.

ఇక మొదట లేవనెత్తిన ప్రశ్నకు జవాబు. జుమా ఖుత్బాల చివర మీరు తరచుగా వింటూ వచ్చిన అన్ నహ్ల్ సూరా 90వ ఆయతులో అల్లాహ్ న్యాయాన్ని, ఇహ్సాన్‌ను కలిపి ఆదేశించాడు. విషం అమ్మి మన వాడలను చెరిచేవాడికి న్యాయం దక్కాలి. అది చట్టం పని, దానికి మనం తోడ్పడాలి. విషం మింగి విలవిలలాడుతున్నవాడికి ఇహ్సాన్ దక్కాలి. అది వైద్యుని పని, తల్లిదండ్రుల పని, ఈ సఫ్‌లలో కూర్చున్న మన అందరి పని. అతడు తన తప్పుకు అల్లాహ్ ముందు తౌబా చేసుకోవాలి. అందుకు అతడు బ్రతికి ఉండాలి, బుద్ధి తెలివిలోకి రావాలి. ఆ అవకాశం అతనికి కల్పించడమే మన వంతు.

యా అల్లాహ్! మత్తులో మునిగిన మా బిడ్డలను, సోదరులను బయటకు తీయి. వారికి తౌబా భాగ్యాన్ని, పూర్తి స్వస్థతను ప్రసాదించు. వారి తల్లుల కన్నీళ్ళను తుడువు. వారి ఇల్లాళ్ళకు, పసివారికి రక్షణ కల్పించు. వారికి చికిత్స చేస్తున్న వైద్యులకు శక్తినివ్వు. మా వాడలను విషపు వ్యాపారుల నుండి కాపాడు, ఆ వ్యాపారుల హృదయాలను కూడా మార్చు. మా నాలుకలను ఎగతాళి నుండి, మా హృదయాలను కాఠిన్యం నుండి రక్షించు. మమ్మల్ని ఏ సోదరునికీ వ్యతిరేకంగా షైతానుకు సహాయకులుగా చేయకు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.